దెయ్యం చేప ఖర్చు ఎవరిది?

అద్దాల తొట్టెలో పాచి తింటుందని సక్కర్ చేపను కొంటారు. జానెడు దాటగానే కాలువలో వదిలేస్తారు. అమెజాన్, ఒరినోకో నదుల టెరిగోప్లిక్తిస్ జాతి మన చెరువుల్లోకి ఇలాగే దిగింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ జాడ పట్టి, తూర్పు కనుమల ప్రాంతంలో అది ఎంతగా పాకిందో చూపించారు.

జాలర్లు దాన్ని దెయ్యం చేప అన్నది ఊరికే కాదు. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. పడిందంటే వల చిరిగినట్టే. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. గట్టు జారితే మట్టి పోసుకునేది మనం. సంతలో అడిగే నాథుడు లేడు.

‘పట్టి గట్టున పారేయండి’ అని సలహా! గాలి పీల్చే చేప అది, గట్టున గంటల తరబడి చావదు. అయినా ఆ కూలి ఎవరిస్తారు?

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. (దొంగచాటు చెరువులు ఆగలేదు, అది వేరే కథ.) దీన్ని మాత్రం ఇవాళ్టికీ కవర్లలో పోసి అమ్ముతున్నారు. ముందు ఆ అమ్మకం, పెంపకం ఆపాలి. పట్టిన దెయ్యం చేపకు కిలోకింత అని మత్స్యశాఖ చెల్లించాలి. చిరిగిన వలలకు పరిహారం ఇవ్వాలి. అప్పటిదాకా చెరువు లీజు పెంచే మాట ఎత్తొద్దు.