ఆటల పీరియడ్ ఎవరు మింగారు?

(బస్తీ బడి - 7)

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా నడిచి చూడండి. బ్యాంకు పైన బడి, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో బడి. పిల్లలు ఉరకడానికి జాగా ఎక్కడుంది? ఉన్న ఒక్క ఆటల పీరియడ్‌నూ లెక్కల సారు పట్టుకుపోతాడు.

అదే ఆట థెరపీ సెంటర్లలో గంట లెక్కన అమ్ముడవుతోంది. ఊయల, పెద్ద బంతి, గెంతడానికి ట్రాంపొలిన్. అవి పనికిరావని నేననను. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు మాటతోపాటు ఒంటి అదుపూ కష్టమే. బంతి పట్టడం, ఒంటికాలి మీద నిలబడడం, పక్కవాణ్ణి చూసి అలాగే చేయడం. రోజూ ఆడితే ఇవి మెరుగుపడతాయి. ఆటిజం పోదు, పోవాలని ఎవరూ అడగట్లేదు కూడా. కానీ ఈ ఆట బడిలో ఎందుకు లేదు?

మా వెనక బస్తీలో ఒక తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. కొడుక్కి ఎనిమిదేళ్లు, ఆటిజం. ఆటల పీరియడ్‌కు అందరూ కిందికి పోతే వాణ్ణి క్లాసులోనే కూచోబెడతారు. "పడిపోతడమ్మా, మా మీదికొస్తది" అన్నారట. చిన్ననాడు బాబాసాహెబ్ గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని బడిలో విడిగా కూచున్నాడు. వీడికి బెంచీ ఇచ్చారు. విడిగానే.

పైగా వీళ్లను 'దివ్యాంగులు' అనాలట! పేరులో దేవుణ్ణి పెట్టి హక్కు ఎగ్గొట్టడం 'హరిజన' నాటి నుంచీ మనకు తెలిసిందే.

అశోక్‌నగర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూచుని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలు బట్టీ పడుతున్నారు కదా. 16వ సెక్షన్ కూడా చదవండి. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడి ఆ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆటల్లో సమానంగా అవకాశమివ్వాలి. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ప్రాథమిక బడిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

"సామాన్లు లేవు సార్" అంటాడు హెడ్మాస్టరు. తొక్కుడుబిళ్లకు ఏం సామాను కావాలి? సుద్దముక్క, పెంకు. గురి చూసి వేయడం, ఒంటికాలి గెంతు, వంగి బిళ్ల తీయడం, వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే ఉన్నాయి. గళ్లు కంటికి కనబడతాయి, నియమం రోజూ ఒకటే. హఠాత్తుగా ఏదైనా మారితే బెదిరిపోయే పిల్లలకు అదెంత ఊరటో! గళ్లు పెద్దవి గీయండి, మొదట్లో రెండు కాళ్లతో గెంతనివ్వండి, గోల భరించలేకపోతే నలుగురితోనే ఆడించండి. పక్కపిల్ల చెయ్యి పట్టుకుని నేర్పుతుంది. థెరపీ సెంటర్లో ఆ పిల్ల ఉండదు. చిర్రగోనె మాత్రం వద్దులెండి, కళ్లు జాగ్రత్త.

జిల్లా విద్యాధికారికి ఆర్టీఐ పెడదాం. మీ బస్తీ బడికి ఆటస్థలం ఎంత? పీఈటీ, ప్రత్యేక టీచరు ఉన్నారా? ఆటల పీరియడ్‌లో వైకల్యమున్న పిల్లలు ఎక్కడుంటున్నారు? దరఖాస్తు నమూనా రేపు పెడతా. బడి పేరు రాయడం మరిచిపోకండి.