దారి తెలియనివారికి రాజధాని

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల నుండి హైదరాబాదునకు పోవువారిలో వినోదార్థము పోవువారు కొందరే. ఆసుపత్రికని, కచేరీ పనికని, బిడ్డల చదువునకని పోవువారే హెచ్చు. సూర్యాపేట నుండి రాజధాని సుమారు 135 కిలోమీటర్లు. ఈ దూరమును దాటుట నేడు కష్టము కాదు. బస్సు దిగిన పిమ్మట మిగిలిన పది కిలోమీటర్లే కష్టము.

1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. నాడు సాధనములకే కొఱత. నేడు సాధనములు పెక్కు కలవు; వానిని ఎఱిగించువారికే కొఱత. విజయవాడ రోడ్డున వచ్చువాడు ఎల్.బి. నగరులో దిగి, 2018లో అచ్చటికి వచ్చిన మెట్రో నెక్కినచో, రైలు మారకయే పంజాగుట్ట చేరి నిమ్సు ఆసుపత్రికి పోవచ్చును. గాంధీ ఆసుపత్రికి పోవలసినవాడు మహాత్మాగాంధీ బస్సు స్టేషను వద్ద పచ్చ మార్గమునకు మారవలెను. 2020 ఫిబ్రవరిలో తెఱచిన ఆ మార్గమున ఆసుపత్రి పేరనే స్టేషను కలదు. మిర్యాలగూడెము నుండి రైలులో వచ్చి సికింద్రాబాదున దిగినవానికి ఆ ఆసుపత్రి మిక్కిలి చేరువ. ఇంతటి సులభమైన సంగతి తెలియక, రోగిని వెంటబెట్టుకొని వచ్చిన రైతు అడిగినంత రుసుము ఆటోకు చెల్లించుచున్నాడు.

2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రపు స్త్రీలకు ఎక్స్‌ప్రెస్సు, పల్లెవెలుగు బస్సులలోను, నగరపు సాధారణ బస్సులలోను ప్రయాణము ఉచితమైనది. ఇది మెచ్చదగినదే. కాని ఛార్జీ భారము తీరినంత మాత్రమున దారి తెలియని భారము తీరదు. ఏ బస్సు ఎచ్చటికి పోవునో తెలియని తల్లికి ఉచిత ప్రయాణమును అక్కఱకు రాదు.

చేతిలో ఫోను ఉండగా దారి చూపుట యెందుకని కొందరు అందురు. ఫోను చదువనేర్చినవానికి దారి చూపును. చదువురాని ముసలివానికి, చేత చీటీ తప్ప వేఱేమియు లేనివానికి, మనుష్యుడే చెప్పవలెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు దిగినవానికి మెట్రోయు లేదు. అతని యవసరమును కనిపెట్టి బేరమాడువారు మాత్రము సిద్ధముగా నుందురు. ఆటోవారందఱును అట్టివారని మేమనము. కాని న్యాయము ఒకరి మంచితనముపై ఆధారపడరాదు.

ప్రభుత్వమువారికి మేము విన్నవించునది స్వల్పము. ఎల్.బి. నగరు, మహాత్మాగాంధీ బస్సు స్టేషను, సికింద్రాబాదులలో ఏ ఆసుపత్రికి ఏ బస్సు, ఏ మార్గమో పెద్ద తెలుగు అక్షరములతో వ్రాయింపవలెను. రాత్రియంతయు దారి చెప్పు మనిషి నొకని నియమింపవలెను. ముందుగా రుసుము కట్టి ఆటో నెక్కు ఏర్పాటు అచ్చట నిలుపవలెను.

ప్రభుత్వము మేల్కొనువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. మన మూడు పట్టణముల గ్రంథాలయములలోను, బస్సు స్టాండులలోను పైన చెప్పిన దారులను ఒక కాగితముపై వ్రాసి అంటింప వచ్చును. చదువనేర్చినవారు రానివారికి చదివి వినిపింప వచ్చును. రాజధాని జిల్లాల సొమ్ముతోను, చెమటతోను పెరిగినది. అచ్చట మనవారు పరాయివారివలె తడబడుట రాజధానికి గౌరవము కాదు, మనకును గౌరవము కాదు.