మూల నక్కిన నేస్తం

కుక్కపిల్లని దత్తత తీసుకోవాలని వెళ్లినవాళ్ల చూపు ఎగిరి మీదకు దూకేదానిపైనే పడుతుంది. మూల నక్కినదాన్ని ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్‌లో అక్కినేని అమల, నాగార్జున 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ లాంటి సంస్థలు కాపాడిన మూగజీవాల్లో అలాంటివీ ఉంటాయి. చాలాసార్లు ఆ బిడియం వెనక ఉండేది భయమే. కొత్త ఇంట్లో మంచం కింద దూరితే బయటికి లాగకూడదు. అన్నం గిన్నె దగ్గరపెట్టి, కాస్త దూరంలో నేలమీద కూర్చుంటే చాలు. కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

హైటెక్‌సిటీలో రోజంతా ఆఫీసులోనే గడిపే జంటలు పగలు దాన్నెవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి. అపార్ట్‌మెంట్ సంఘం కాదంటుందన్న బెంగ అక్కర్లేదు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. తీసుకెళ్లి, నెల తిరక్కుండా వెనక్కిస్తే మాత్రం ఆ ప్రాణి మరింత ముడుచుకుపోతుంది. ఓపికపడితే, ఓ సాయంత్రం తలుపు చప్పుడు వినగానే తోకాడిస్తూ తనే ఎదురొస్తుంది!