పాపికొండలలో వేట నిషేధము

గోదావరి కొండల నడుమ ఇరుకున బడి పాఱు చోట 1978లో అభయారణ్యముగ ఏర్పడి, 2008లో జాతీయోద్యానమైన పాపికొండల వనము వేయి చదరపు కిలోమీటర్లకు మించినది. లాంచీలో విహరింపబోవు పట్టణవాసికి అది కన్నుల పండువు. ఆ కొండలలో పోడు చేసికొని బ్రదుకు కొండరెడ్లకును కోయలకును అది ఇల్లు, చేను, అంగడి. అచ్చట ఎవరు వేటాడవచ్చునను ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానము సులభము: ఎవ్వరును కూడదు. న్యాయము చెప్పు సమాధానము అంత సులభము కాదు.

వేటకు కట్టుబాటు క్రొత్తది గాదు. 1882 నాటి చెన్నపురి అటవీ చట్టము రిజర్వు అడవులలో నిబంధనలకు విరుద్ధముగ వేటాడుటయు, ఉచ్చులు పన్నుటయు నేరమని శాసించినది. లైసెన్సు గల దొరకు వేట వినోదమైనది. ఉచ్చు పన్నిన కొండవానికి అదియే అపరాధమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సైతము లైసెన్సులను ఉంచినది. 1991 సవరణముతో గాని ఆ పద్ధతి తొలగలేదు. తుపాకియు విల్లును చట్టము నెదుట సమానమైనది నాటి నుండియే.

ఈ సమత్వమును మేము స్వాగతించుచున్నాము. నిషేధమును తొలగింపుడని మేము కోరము. అడవులు తఱిగి, మృగములు అరుదైన ఈ కాలమున అది అవసరము. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనుల ఆచారసిద్ధములగు హక్కులను అంగీకరించుచునే వేట హక్కును ప్రత్యేకముగ మినహాయించినది. భూమిపండుగకు కోయ పురుషులు విల్లంబులతో అడవికేగుట తరతరముల ఆచారము. దానిని విడువుడని మనము వారిని కోరితిమి. కోరినవారికి ఒక ఋణమున్నది.

ఆ ఋణమెట్టిదో అడవి అంచున జొన్నచేను గలవానిని అడుగవలెను. అడవిపంది ఒక్క రాత్రిలో చేనును దున్నిపోవును. పూర్వము దానిని కొట్టి తినుటచే నష్టము కొంత తీరెడిది. నేడు అనుమతి లేక కొట్టినచో కారాగారము. సామాన్య నేరములకు జరిమానా పరిమితిని 2022 సవరణము 25,000 నుండి 1,00,000 రూపాయలకు పెంచినది. పోడు రైతు లక్ష రూపాయలను ఎచ్చట నుండి తెచ్చును?

చట్టమున మార్గము లేకపోలేదు. ఉద్యానము లోపల నిబంధనలు మిక్కిలి కఠినములే. వెలుపలి చేల విషయమున మాత్రము, నిలువుపైరునకు హాని చేయు అడవిపంది వంటి మృగమును వేటాడుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని, కారణములు తెలిపి లిఖితపూర్వకముగ అనుమతి నీయవచ్చునని 11వ సెక్షను చెప్పుచున్నది. కాని కొండపల్లెవాడు కాలినడకను వచ్చి, అర్జీ వ్రాయించి, ఉత్తర్వు చేతికందు నాటికి చేను మిగులునా? అందుచేతనే రైతులు పలుచోట్ల విద్యుత్తు తీగె పఱచుచున్నారు. ఆ తీగెకు పందియు పొరుగువాడును ఒక్కటే.

కావున మేము కోరునవి మూడు. అనుమతి నిచ్చు అధికారమును గ్రామమునకు చేరువనున్న రేంజి ఉద్యోగికి ఒప్పగించి, అర్జీ తీర్మానమునకు గడువు విధింపవలెను. పంటనష్టపు పరిహారమును, పట్టా లేదను నెపమున నిరాకరింపక, పోడు రైతునకును సకాలమున చెల్లింపవలెను. ఉచ్చు పన్నిన పేదవానినే గాక, అడవిమాంసమును దొంగచాటుగ కొను పట్టణపు వర్తకుని సైతము న్యాయస్థానమున నిలుపవలెను.

1882 నాటి చట్టము పుట్టినది కొండలలో గాదు, చెన్నపురిలో. శాసనములు చేయువారు పట్టణమునను, వాని బరువు మోయువారు కొండమీదను ఉండుట నేటికిని మాఱలేదు. వేట మానిన వాని చేనును కాపాడలేని ప్రభుత్వము వాని విల్లును మాత్రము లాగికొన్నచో దానిని సంరక్షణమనుటకు మాకు నోరు రాదు.