ఆ రక్తం ఎవరిది?

మగబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి చెవులు కుట్టించడానికి శ్రీశైలం మల్లన్న దగ్గరికి తీసుకెళ్తారు. కుట్టినచోట రక్తం ఎంతకీ ఆగకపోతే ముందు మొక్కు తప్పిందంటారు. తర్వాత ఆసుపత్రిలో హిమోఫిలియా అని తేలుతుంది. 'ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది' అన్న డాక్టరు మాట ఒక్కటే ఇంటిదాకా చేరుతుంది. కోడల్ని పుట్టింటికి తోలి కొడుక్కి మారుమనువు చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు ఈ మాటలు నేను చాలా విన్నాను.

ఆడపిల్ల పుడితే తల్లి తప్పు. (నిర్ణయించేది తండ్రి ఇచ్చే వై క్రోమోజోమే అయినా సరే!) జబ్బున్న కొడుకు పుడితే మళ్ళీ తల్లి తప్పే.

రక్తం గడ్డకట్టించే ఎనిమిదో, తొమ్మిదో కారకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. స్త్రీకి ఎక్స్‌లు రెండు, పురుషుడికి ఒక్కటే. అది చెడితే ఆదుకునే రెండోది లేదు. లోపాన్ని మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం. మరి జబ్బున్న తండ్రి? కొడుకులకు అతని నుంచి రాదు, కూతుళ్ళు మాత్రం అందరూ వాహకులే. ఆస్తిలో వాటా అడిగితే మొహం తిప్పుకునే తండ్రులు దీన్ని మాత్రం తప్పకుండా ఇస్తారు. సుమారు మూడోవంతు కేసుల్లో ఇంటా వంటా ఎవరికీ లేదు, జన్యువు కొత్తగా మారింది. అక్కడ ఎవర్ని తోలేస్తారు? విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్ 1884లో ఈ జబ్బుతోనే పోయాడు. రాణిగారిని ఎవరూ పుట్టింటికి పంపలేదు.

'మేనరికం వల్లే' అనేది ఇంకో మాట. మేనరికం ఈ జబ్బును పుట్టించదు. కానీ జబ్బున్న మేనమామకు, వాహకురాలైన అక్కకూతుర్ని కట్టబెడితే పుట్టే ఆడపిల్లల్లోనూ సగానికి జబ్బు వచ్చే ప్రమాదముంది. పెళ్ళి మాటలప్పుడు ఇది ఎవరికీ గుర్తురాదు.

వాహకురాలంటే కేవలం మోసేది కాదు. చాలామందిలో కారకం తక్కువగానే ఉంటుంది. నెలసరిలో, కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోతుంది. కొడుక్కి పరీక్ష చేయించిన ఇల్లు ఆమెకు చేయించదు. ఆడదానికి రక్తం పోవడం మామూలేనట!

లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఇలాంటి జబ్బుల కోసం మాత్రం గర్భస్థ పరీక్షను అనుమతిస్తుంది. అదీ ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకుని, ఆ కాగితం నకలు ఆమె చేతికిచ్చాకే. ఆ నకలు మన ఊళ్ళల్లో ఎంతమంది స్త్రీల చేతిలో ఉంది?