పొయ్యిని కాదు, మనిషిని లెక్కపెట్టాలి

జనగణన లెక్కలో కుటుంబానికి కొలమానం పొయ్యి. మామూలుగా ఒకచోట ఉంటూ ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఆ లెక్కన 2011లో దేశంలో కుటుంబానికి సగటున ఐదుగురికి కాస్త తక్కువగా ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నలుగురే తేలారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 4.4గా నమోదైంది. అదే సర్వే ప్రకారం స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇలాంటి అంకెలు వెలువడినప్పుడల్లా ఉమ్మడి కుటుంబం కూలిపోయిందన్న విచారం వినిపిస్తుంది. ఆ విచారంలో పడి అసలు చిక్కును గమనించడం లేదు. ఒక్కో వయసువాళ్లు ఒక్కో చోట బతుకుతున్నారు. ప్రభుత్వం మాత్రం వాళ్లందరినీ ఒకే రేషన్ కార్డు కింద చేర్చి, ఆ కార్డును బట్టే ఒక్కొక్కరి అర్హతను తేలుస్తోంది. మారాల్సింది ఈ పద్ధతి.

ఒకప్పుడు ఇంటింటా ఉమ్మడి కుటుంబమే ఉండేదన్న నమ్మకానికి ఆధారాలు తక్కువ. సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం. షా గుజరాత్‌లోని ఒక గ్రామానికి చెందిన 1825 నాటి లెక్కలను పరిశీలించి, అప్పటికే చిన్న కాపురాలు మామూలేనని 1973లో వెలువడిన తన పుస్తకంలో చూపారు. అన్నదమ్ములు వేరుపడటం మనకూ కొత్త కాదు. కానీ వేరుపడ్డవాళ్లు తరచూ ఆ వీధిలోనే, పక్క వాటాలోనే ఉండేవారు. పొయ్యిలు రెండైనా జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే చెయ్యి దగ్గర్లోనే ఉండేది. ఇప్పుడు కరువైంది ఆ దగ్గరితనమే. పాతికేళ్ల పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలోనో బెంగళూరు పీజీల్లోనో ఉంటున్నారు. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి భర్త గల్ఫ్‌కు వెళ్తే ఇంటి భారమంతా భార్యదే. పాలమూరులో దంపతులిద్దరూ వలసపోతే పిల్లలు అవ్వాతాతల పాలవుతున్నారు. ఇక 2017–18లో దేశవ్యాప్తంగా వృద్ధాప్యంపై జరిగిన ‘లాసీ’ సర్వే ప్రకారం, అరవై దాటినవారిలో దాదాపు 6 శాతం ఒంటరిగా, మరో 20 శాతం భార్యాభర్తలిద్దరే ఉంటున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు పోతే మిగిలేది ఎక్కువగా స్త్రీయే.

ఈ మార్పును మన పథకాలు సగమే గుర్తించాయి. బియ్యం సంగతి చూడండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలని నిర్ణయించింది. 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కార్డు చెల్లుబాటు మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. వలసపోయిన మనిషి తన వాటా పనిచేసే ఊళ్లో తీసుకుంటే, మిగతాది ఇంటి దగ్గరున్నవాళ్లు తీసుకోవచ్చు. వృద్ధాప్య పింఛను దగ్గరికొచ్చేసరికి ఈ వివేకం ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2024లో పింఛనును 4,000 రూపాయలకు, తెలంగాణ 2019లో 2,016కు పెంచడం మెచ్చదగ్గదే. అయినా రెండు చోట్లా వృద్ధాప్య పింఛను కుటుంబానికి ఒక్కటే అన్నది మూలసూత్రం. ముసలి దంపతులిద్దరికీ మందులు కావాలి, పింఛను మాత్రం ఒకరికే. ఒకే కార్డులో పేరుంటే చాలు, ఎక్కడో ఉంటున్న కొడుకు ఉద్యోగమో కారో తల్లి అర్హతకు అడ్డు రావచ్చు. ఆ కొడుకు నెలనెలా డబ్బు పంపుతున్నాడో లేదో అడిగేవారు లేరు.

మనిషి మనిషికీ విడిగా హక్కిస్తే కుటుంబాలు చీలిపోతాయని కొందరి భయం. నిజానికి కాగితాల మీద కుటుంబాలను చీలుస్తున్నది ఇప్పటి నిబంధనే. కలిసి ఉంటే పోయే పింఛను వేరుపడితే వస్తుందంటే, కార్డు విడగొట్టుకోమని ప్రభుత్వమే చెప్పినట్టు. చేతిలో సొంత డబ్బున్న అత్తకూ కోడలికీ మధ్య మాట మెత్తబడుతుందే తప్ప ఇల్లు విరగదు. పిల్లల బాధ్యతకు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది కదా అన్నది రెండో అభ్యంతరం. ఆ చట్టం అవసరమే. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల విషయంలో దాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ కన్నకొడుకు మీద అర్జీ పట్టుకుని ట్రిబ్యునల్ మెట్లెక్కే తల్లులు ఎందరు? అంతా తెగిపోయాక ఆదుకునే చట్టం, తెగకుండా కాపాడే భరోసాకు బదులు కాలేదు. ఖర్చు మాటేమిటన్న మూడో ప్రశ్న న్యాయమైనదే. భారం పెరుగుతుంది. అందుకే ఒంటరి స్త్రీలతో, ఆస్తిలేని దంపతులతో మొదలుపెట్టాలి. అర్హతను ఆ వృద్ధుల ఆదాయం, ఆస్తులను బట్టే తేల్చాలి. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల మధ్యవారికి కేంద్రం ఇచ్చే వాటా ఏళ్ల తరబడి 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. దాన్ని పెంచకుండా భారమంతా రాష్ట్రాల మీద వదిలేయడం తగదు.

2027 జనగణన ఎవరు ఏ ఇంట్లో, ఎవరితో ఉంటున్నారో మళ్లీ లెక్క తేలుస్తుంది. దాన్ని సగటు కుటుంబ పరిమాణం అనే ఒక్క అంకెకు కుదించి వదిలేయకూడదు. ఏ మండలంలో ఎందరు వృద్ధులు ఒంటరిగా ఉన్నారో, ఏ పల్లెలో నడివయసువాళ్లు కనిపించడం లేదో రెండు ప్రభుత్వాలూ విడదీసి చూడాలి. పింఛను, ఇంటికొచ్చే నర్సు, వండిన భోజనం ఆ లెక్క ప్రకారం అందాలి. పిల్లలు దూరంగా ఉన్నందుకు వారిని తప్పుపట్టలేం. చదువూ ఉపాధీ ఉన్నచోటికి వాళ్లను పంపింది మనమే. వెనక ఉండిపోయినవాళ్ల ముద్దకూ మందుకూ లోటు రాకుండా చూడటం కూడా మన బాధ్యతే. బియ్యం తూచేటప్పుడు గుర్తొచ్చిన మనిషి పింఛను రాసేటప్పుడూ గుర్తుకు రావాలి.