ట్రైలర్ చూసి కొనేద్దామా?

పెద్ద హీరో సినిమా విడుదలకి ముందుండే హడావుడే, కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తోందంటే కంప్యూటర్ గేమ్స్ ఆడే కుర్రాళ్లలోనూ కనిపిస్తుంది. 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదికపై ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఆర్‌టీఎక్స్ 5070ని పరిచయం చేస్తూ, 4090కి ఉన్న సత్తా 549 డాలర్లకే దొరుకుతుందన్నారు. 2022లో వచ్చిన 4090 ధర 1,599 డాలర్లు మరి! చప్పట్లు మోగాయి... వెంటనే అనుమానాలూ మొదలయ్యాయి. కిటుకంతా కృత్రిమ మేధలో ఉంది. కార్డు నిజంగా గీసిన ఒక్కో బొమ్మకి మరో మూడు దాకా అది ఊహించి చేరుస్తుంది. మెమొరీ చూస్తే 4090లో 24 జీబీ, ఇందులో 12 మాత్రమే. మార్చిలో కార్డు మార్కెట్లోకి వచ్చాక పరీక్షించి చూస్తే, ఆ ఊహాచిత్రాలు తీసేస్తే 4090కి చాలా వెనకే ఉందని తేలింది. అందుకే, ఇంట్లో అబ్బాయి 'మొదటిరోజే కొందాం నాన్నా' అని మారాం చేస్తే... 'టాక్ విన్నాకే టికెట్టు' అనండి!